ప్రయాణంలో ఇంకు పెన్ను



ఇంకు పెన్ను వెంట తీసుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళలో చొక్కా జేబు ఒక్కసారైనా నీలం కాని మనిషి అరుదు. చొక్కా అయితే ఉతుక్కోవచ్చు. కాగితాన్ని ఉతకలేం. ఆ సంగతి నాకు తెలిసిన తీరు ముందు చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఒప్పుదల పత్రం మీద మా నాన్నగారి చేత సంతకం చేయించుకుని తిరుపతిలో బస్సెక్కాను. దాన్ని బెంగళూరులో ఒక కార్యాలయంలో ఇవ్వాలి. నాన్నగారికి అప్పటికే చెయ్యి వణికేది. తెల్లకాగితం మీద పదిసార్లు రాసి చూసుకుని, స్టాంపు కాగితం మీద ఒక్కసారి పెట్టారు. ఆ పెన్నునే, అడుగున సగం సిరా ఉండగానే, కాగితాల సంచిలో అడ్డంగా పడేశాను. బెంగళూరు చేరాక కౌంటరు దగ్గర సాక్షి సంతకం చేయమన్నారు. పత్రం మీదే చెయ్యి పెట్టి మూత తిప్పాను. మూడు చుక్కలు పడ్డాయి. మూడూ నాన్నగారి సంతకం మీదే. అక్కడివాళ్ళు విసుక్కోలేదు. సంతకం కనపడకపోతే తీసుకోవడానికి వీల్లేదండీ అన్నారు, అంతే.

పెన్ను పగిలిందనుకున్నాను. సాయంత్రం ఒక పాత పెన్నుల అంగడికి తీసుకువెళ్ళాను. అంగడి పెద్దాయన దాన్ని విప్పి, కడిగి, నీళ్ళు నింపి, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూశాడు. ఒక్క చుక్క రాలేదు. "ఎక్కడి నుంచి వస్తా ఉండారు?" అని అడిగాడు. తిరుపతి నుంచి అన్నాను. "సిరా ఎంత ఉండె?" సగం అన్నాను. "ఇంకేమి సార్, మొగిలి ఘాటు ఎక్కితిరి, పెన్ను కక్కె" అన్నాడు.

అప్పటికి అది వేళాకోళం అనిపించింది. తరువాత కూర్చుని లెక్క వేసుకుంటే ఆయన చెప్పినది అక్షరాలా నిజం. కారుతున్నది సిరా అయినా, కార్పిస్తున్నది సిరా కాదు, పెన్నులో సిరా పైన ఖాళీగా ఉన్న చోటులోని గాలి.

తిరుమల కొండకు చిప్స్ పొట్లం తీసుకువెళ్ళినవాళ్ళు గమనించే ఉంటారు. కింద మామూలుగా ఉన్న పొట్లం కొండమీద బిర్రుగా ఉబ్బి ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి తగ్గుతుంది. పొట్లంలో బందీగా ఉన్న గాలికి ఎదురు ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది. పెన్నులోనూ అదే జరుగుతుంది. పొట్లానికి దారి లేదు కాబట్టి ఉబ్బుతుంది. పెన్నుకు పాళీ అనే దారి ఉంది కాబట్టి సిరాను బయటికి నెడుతుంది.

మనం సరిహద్దు జిల్లాలవాళ్ళం. ఈ ఎక్కుడు దిగుడులు మనకు రోజూ ఉన్నవే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి పట్టణం 160 మీటర్ల దగ్గర, అనంతపురం 350 మీటర్ల దగ్గర ఉన్నాయి. చెన్నై, నెల్లూరు దాదాపు సముద్రమట్టానికే. సముద్రతీరంతో పోలిస్తే బెంగళూరులో గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. తిరుపతి నుంచి చిత్తూరు, అక్కడి నుంచి మొగిలి ఘాటెక్కి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చే బస్సులో కూర్చుంటే, మీకు తెలియకుండానే మీ పెన్నులోని గాలి నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగుతుంది. కోలారు, హోసూరు వాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళు ముందే పీఠభూమి మీద ఉన్నారు. అనంతపురం, హిందూపురం రైలులో వచ్చేవారికి కొంత తక్కువ.

తొమ్మిది శాతం అంటే ఎంత? పెన్ను గొట్టంలో 3 మిల్లీలీటర్ల సిరా పడుతుందనుకుందాం. సగం అయిపోతే ఒకటిన్నర మి.లీ. గాలి ఉన్నట్టు. అందులో తొమ్మిది శాతం 0.13 మి.లీ. చిన్న లెక్కే అనిపిస్తుంది. కాని ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. అంటే రెండున్నర చుక్కలు. నా పత్రం మీద పడ్డవి మూడు. ఆ మిగిలిన అర చుక్క సంగతి కొద్దిసేపట్లో చెబుతాను. అదే పెన్ను నిండుగా ఉండి, గాలి మూడు పదుల వంతు మి.లీ. మాత్రమే ఉంటే, బయటికి రావలసినది అర చుక్క. అర చుక్కను పెన్ను తనలోనే దాచుకోగలదు.

ఎక్కడ దాచుకుంటుందంటే, పాళీ కింద నల్లటి ముక్క ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని మా వైపు నాలుక అంటారు. దాని పొట్ట మీద దువ్వెన పళ్ళలా సన్నటి చీలికలు ఉంటాయి. చాలామంది అవి అందానికి అనుకుంటారు. అవి వరదకాలవల వంటివి. లోపలి నుంచి ఎక్కువగా వచ్చిన సిరా ముందుగా వాటిలో నిలుస్తుంది. సిరాకూ గాలికీ వేరువేరు దారులు ఇచ్చే ఈ నాలుకకు అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాడు. తరువాత వచ్చిన పెన్నుల్లో ఈ చీలికలను బాగా పెంచారు. మన పాతకాలపు ఎబొనైట్ పెన్నుల్లో నాలుక సాదాగా ఉంటుంది, చీలికలు తక్కువ. గొట్టంలోకి నేరుగా ఫిల్లరుతో సిరా పోస్తాం కాబట్టి పట్టేది ఎక్కువ, అంటే ఖాళీ అయ్యాక గాలీ ఎక్కువే. రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టి, 1935లో గాంధీజీ చేత మెచ్చుకోలు ఉత్తరం అందుకున్న రత్నం పెన్నులు ఈ జాతివే. రాతకు వాటిని మించినవి నేను చూడలేదు. ప్రయాణానికి మాత్రం వాటితో కొంచెం జాగ్రత్త కావాలి. రబ్బరు తిత్తి ఉన్న పెన్ను, పిస్టను పెన్ను వీటికి మధ్యస్థం. చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జి పెట్టుకునే పెన్నులో సిరా ఒక మి.లీ. కూడా పట్టదు కాబట్టి గాలి చేసే అల్లరీ తక్కువ.

ఇక ఆ అర చుక్క. గాలిని పెంచేది ఎత్తు ఒక్కటే కాదు, వేడి కూడా. డిసెంబరు పొద్దున బెంగళూరులో పెన్ను 20 డిగ్రీల చలిలో ఉంటుంది. దాన్ని చేత పట్టుకుని రెండు పేరాలు రాస్తే చేతి వేడికి లోపలి గాలి 33 డిగ్రీల దాకా రావచ్చు. 13 డిగ్రీల తేడాకు గాలి నాలుగు శాతానికి పైగా పెరుగుతుంది. గొట్టంలో సిరా అడుగంటినప్పుడు ఉన్నట్టుండి పెద్ద బొట్టు పడడం ఇందుకే. పెన్ను గొట్టం పలచనైనకొద్దీ ఇది ఎక్కువ. బస్సులో డ్రైవరు పక్కన ఇంజను మూత మీద సంచి పెట్టేవాళ్ళు, ఎండ పడే కిటికీ అంచున పెన్ను పెట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే చెప్పనే అక్కరలేదు.

కాబట్టి ఘాటెక్కే ముందు పెన్ను నిండుగానైనా ఉండాలి, పూర్తిగా ఖాళీగానైనా ఉండాలి. సగం మాత్రం ఉండకూడదు. ఖాళీ అంటే సిరా తీసేసి, నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి. రెండో సంగతి, పాళీ ఆకాశం వైపు చూడాలి. అలా నిలబెడితే సిరా కిందికి దిగి, గాలి పాళీ వైపు చేరుతుంది. పెరిగిన గాలి సిరాను ముట్టకుండా తనంతట తాను బయటికి పోతుంది. పాళీ కిందికి ఉంటే గాలి పైన చేరి సిరానంతా తోస్తుంది. చొక్కా జేబుకు క్లిప్పుతో తగిలించిన పెన్ను సహజంగా పాళీ పైకే ఉంటుంది. మన పెద్దలు జేబులో పెట్టుకున్నది దర్జాకే అనుకునేవాణ్ణి. సంచిలో అడ్డంగా పడేసినది నేనే కదా. అడ్డంగా ఉన్న పెన్నుకు గతుకులు కూడా తోడైతే సిరా చిమ్మి మూతలో చేరుతుంది. మూత తీసినప్పుడు పడేది ఆ చేరినదే. అందువల్ల ప్రయాణం తరువాత మొదటిసారి మూత తీసేటప్పుడు పాళీ పైకి పెట్టి, కాగితాలకు దూరంగా, కింద ఒక పాత గుడ్డ ఉంచుకుని తీయాలి. మూత లోపలి భాగాన్ని గుడ్డ కొసతో ఒకసారి తుడవాలి. ఇది నిమిషం పని. నేను ఆ నిమిషం పెట్టలేదు.

దిగేటప్పుడు ఈ చిక్కు లేదు. బెంగళూరు నుంచి చెన్నైకో విజయవాడకో వెళ్ళేటప్పుడు బయటి ఒత్తిడి పెరిగి లోపలి గాలి ముడుచుకుంటుంది. పెన్ను కక్కదు, కొంచెం గాలి పీల్చుకుంటుంది.

విమానంలో ఇదే సంగతి పెద్ద ఎత్తున జరుగుతుంది. విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరినా, లోపల గాలిని అదిమి ఉంచుతారు. అయినా నేలమీద ఉన్నంతగా కాదు. మామూలుగా 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఉంచుతారు. చెన్నైలో విమానం ఎక్కితే పెన్నులోని గాలి మూడో వంతు దాకా పెరగవచ్చు. బెంగళూరులో ఎక్కితే అయిదో వంతే. ఎందుకంటే మనం ముందే మూడు వేల అడుగుల ఎత్తున కూర్చుని ఉన్నాం. దేవనహళ్ళి విమానాశ్రయంలో ఎక్కేవారికి ఇది ఉచితంగా దొరికిన సౌకర్యం. గండం ఉండేది పైకి లేచే మొదటి అరగంటలో. ఆ సేపు పెన్ను పాళీ పైకి నిలబడి ఉంటే చాలు. గాలిలో ఉండగా మూత తీయడం, సిరా నింపడం పెట్టుకోకూడదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళం అప్పుడప్పుడే వచ్చిన బిరో బాల్ పెన్నులను ముప్పై వేలు తెప్పించుకున్నది ఈ బాధకే. ఎత్తున ఎగిరేటప్పుడు ఇంకు పెన్నులు కారిపోయేవి, గుజ్జు సిరా ఉన్న బాల్ పెన్ను కారేది కాదు. ఇంకు పెన్నును పక్కకు నెట్టిన బాల్ పెన్నుకు మొదటి పెద్ద గిరాకీ ఆకాశంలోనే వచ్చిందన్న మాట.

సిరాను వెంట తీసుకుపోవడం మరో ముచ్చట. ఒకప్పుడు బడిపిల్లలకు ఇంకు బిళ్ళలు దొరికేవి. అణాకో అర్ధణాకో కొని నీళ్ళలో కరిగిస్తే సిరాబుడ్డి నిండేది. బిళ్ళ పొడిది, కారేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికుల కోసం పార్కర్ కంపెనీ ట్రెంచ్ పెన్ అని ఒకటి చేసింది. దాని వెనక మూతలో సిరా బిళ్ళలు ఉండేవి. నీళ్ళు దొరికిన చోట ఒకటి గొట్టంలో వేసుకుని ఇంటికి ఉత్తరం రాసుకునేవారు. ఇప్పుడు బిళ్ళలు దాదాపు కనుమరుగయ్యాయి. బుడ్డీలే మిగిలాయి. బెంగళూరులోనే తయారైన బ్రిల్ సిరా బుడ్డి దక్షిణాదిలో ఎన్ని ఇళ్ళ అలమరల్లో ఉండేదో మీలో చాలామందికి గుర్తుండాలి.

ఆ బుడ్డీని యథాతథంగా సంచిలో పెట్టుకోవడం మంచిది కాదు. మూత అట్ట నానుతుంది, మర చుట్టూ ఎండిన సిరా పేరుకుని మూత సరిగా కూర్చోదు. నాకు నచ్చిన పద్ధతి హోమియోపతి మందుల సీసా. కొత్తది, ఖాళీది, బిగువైన మర మూతది మందుల అంగళ్ళలో దొరుకుతుంది. 10 మి.లీ. సీసా ఉంటే మూడుసార్లు పెన్ను నింపుకోవచ్చు. వారం రోజుల ప్రయాణానికి అది ఎక్కువే. వాడేముందు పరీక్ష చేయాలి. నీళ్ళు పోసి మూత బిగించి, తెల్లకాగితం మీద రాత్రంతా తలకిందులుగా ఉంచండి. పొద్దున కాగితం పొడిగా ఉంటేనే సిరా పోయండి. సీసాను చిన్న ప్లాస్టిక్ కవరులో ముడివేసి, దాన్ని పాత గుడ్డలో చుట్టి, బట్టల మధ్య కాకుండా చెప్పుల పక్కన పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్ళ చేత తిట్లు తిన్నాకే ఈ చివరి మాట నాకు తెలిసింది. సీసా మీద ఫౌంటెన్ పెన్ సిరా అని చీటీ అంటించడం మరవవద్దు. విమానాశ్రయంలో తనిఖీ చేసేవారికి పేరు లేని నీలి ద్రవం కనపడితే ప్రశ్నలు వస్తాయి, రావాలి కూడా. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక, అంతర్జాతీయ విమానాల్లో చేతిసంచిలోని ద్రవాలకు సీసాకు 100 మి.లీ. అని హద్దు పెట్టారు. కొన్ని విమానాశ్రయాలు ఈమధ్య సడలిస్తున్నాయి. మన సీసా ఎలాగూ అందులో పదో వంతే.

ఎత్తైన ఊరు చేరాక సీసా మూత తీసేటప్పుడు కూడా లోపలి గాలి బుస్సుమంటుంది. నిటారుగా పెట్టి, మెల్లగా, పావు చుట్టు తిప్పి ఆగి, మళ్ళీ తిప్పాలి.

నింపడానికి కదిలే బస్సు, రైలు పనికిరావు. మజిలీ చేరాక, వాష్‌బేసిన్ పక్కన నింపుకోవడం ఉత్తమం. సూది తీసేసిన సిరంజి ఫిల్లరు కంటే బాగా పనిచేస్తుంది, ఎంత తీశామో గీతలు చూపిస్తాయి. పెన్ను మర దగ్గర కారకుండా కొందరు కొవ్వొత్తి మైనం రాస్తారు, పరవాలేదు. సిలికాన్ గ్రీజు ఇంకా మంచిది. వ్యాజలిన్ మాత్రం రబ్బరు వాషరునూ రబ్బరు తిత్తినీ మెత్తబరిచి పాడుచేస్తుంది.

సిరా అయిపోయి, వెళ్ళిన ఊళ్ళో ఏదో ఒకటి కొని పాతదాని మీద పోయడం చాలామంది చేసే పని. కొన్ని సిరాలు ఆమ్లగుణం కలవి, కొన్ని క్షారగుణం కలవి. రెండూ కలిస్తే రంగు విరిగి, పాలు విరిగినట్టే పలుకులు కడుతుంది. నాలుకలోని సన్నని దారి మూసుకుపోతుంది. కడిగి పోయండి. డ్రాయింగు సిరా అసలే వద్దు. అందులో లక్కజిగురు ఉంటుంది, ఎండితే పెన్ను బాగుపడదు. కడగడానికి నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. అనంతపురం, కోలారు, చిక్కబళ్ళాపురం బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. బిందె లోపల తెల్లగా పేరుకునేది పెన్నులోనూ పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోలు బంకులో కొనుక్కుంటే ఒక్క సీసా ఏడాదికి వస్తుంది. ఎండాకాలం ప్రయాణంలో సిరాలోని నీరు ఆవిరై చిక్కబడితే ఆ నీళ్ళే ఒక చుక్క కలపవచ్చు. పెన్నులో మిగిలిన సిరాను మాత్రం తిరిగి బుడ్డీలో పోయకూడదు, బుడ్డీ అంతా బూజు పట్టే ప్రమాదం ఉంది.

ఏ సిరా తీసుకువెళ్ళాలి అన్నది పనిని బట్టి ఉంటుంది. ఉతికితే పోయే రాయల్ బ్లూ ప్రయాణానికి సుఖం. చొక్కా మీద పడితే వెంటనే చన్నీళ్ళలో జాడించి సబ్బు పెడితే చాలావరకు పోతుంది. కాని అది వెలుతురుకు వెలిసిపోతుంది, తడికి కరిగిపోతుంది. కవరు మీద చిరునామా దానితో రాస్తే ఒక్క వాన చాలు. దస్తావేజులకు ఇనుము ఉన్న నల్లనీలం సిరా వాడేది ఇందుకే. అది గాలి తగిలినకొద్దీ నల్లబడి కాగితంలో పాతుకుపోతుంది. దాని మరక మీద బ్లీచింగు వేస్తే తుప్పు మరకగా మారి నిలిచిపోతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి చూడాలి. నేను పాడుచేసిన పత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ రోజు పెన్నులో ఉన్నది రాయల్ బ్లూ. మూడు చుక్కలూ, వాటి కింద నాన్నగారి సంతకమూ ఒకే సిరా కాబట్టి రెండూ కలిసే వెలిసిపోతున్నాయి.

రెండో పత్రం మీద సంతకానికి ఆయన మధ్యాహ్నం దాకా ఆగమన్నారు, పొద్దునపూట చెయ్యి ఎక్కువ వణికేది. ఈసారి నల్లనీలం సిరా తెచ్చాను. సంతకం అయ్యాక అద్దుడు కాగితం అద్ది, పత్రాన్ని అట్టల మధ్య పెట్టి, పెన్ను ఆయన ముందే కడిగి తుడిచాను. సిరా హోమియోపతి సీసాలోకి, సీసా చెప్పుల పక్కకి వెళ్ళాయి. మొగిలి ఘాటు దగ్గర బస్సు మలుపులు తిరుగుతుంటే జేబులో ఖాళీ పెన్నును ఒకటి రెండుసార్లు తడిమి చూసుకున్నాను. బెంగళూరు చేరి, ఆ కార్యాలయం వరండాలో మెట్టు మీద కూర్చుని, పత్రం ఉన్న సంచిని నాలుగు అడుగుల దూరంలో పెట్టి, పెన్ను నింపాను. పాళీని గుడ్డకు అద్ది, చేతి మీద ఒక గీత గీసి చూసి, లోపలికి వెళ్ళి సాక్షి సంతకం చేశాను.